నూనె డబ్బా మీద గీత, నడుముకు దారం: రొమ్ము క్యాన్సర్ భయం ఉన్న ఇంట్లో కొవ్వుల లెక్క చూసుకునే పద్ధతి

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మకు 61వ ఏట రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స జరిగింది. రేడియేషన్ కూడా పూర్తయి, రోజుకొక లెట్రజోల్ మాత్ర వేసుకోమన్న చీటీతో ఆమె ఇంటికి వచ్చిన వారంలోపే చుట్టాలు తలా ఒక నూనె పేరు చెప్పి వెళ్ళారు. గానుగ నూనె తప్ప వేరేది ముట్టవద్దని ఒకరు, కొబ్బరినూనెకు మించినది లేదని ఇంకొకరు, నెయ్యి ఎంత తింటే అంత బలమని మరొకరు చెప్పగా, ఎదురింటావిడ అసలు నూనె అన్నదే వంటింట్లో ఉండకూడదని తేల్చేశారు. విజయవాడలో పోషకాహార సలహాలు చెప్పడమే నా పని గనుక, ఆదివారం చూడటానికి వెళ్ళినప్పుడు "ఏ నూనె వాడమంటావమ్మాయ్?" అని పెద్దమ్మ నన్ను అడిగింది. "అది తర్వాత చూద్దాం పెద్దమ్మా, ముందు నెలకు ఎన్ని పాకెట్లు వస్తున్నాయో చెప్పు" అన్నాను. రెండో మూడో అన్నది ఆమె. పెదనాన్న కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెచ్చి చూపిస్తే, ఇద్దరే మనుషులున్న ఆ ఇంటికి గత మూడు నెలలుగా నెలకు నాలుగేసి లీటరు పాకెట్లు వస్తున్నట్టు తేలింది.

లీటరు పాకెట్‌లో ఉండేది 910 గ్రాముల నూనె. నాలుగు పాకెట్లంటే 3,640 గ్రాములు; ఇద్దరికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 60 గ్రాములు. గ్రాము కొవ్వు 9 కేలరీలు ఇస్తుంది కాబట్టి నూనె ఒక్కటే 540 కేలరీలు. పెద్దగా నడక లేని స్త్రీకి పైకి కనిపించే కొవ్వు, అంటే నూనె, నెయ్యి అన్నీ కలిపి, రోజుకు 20 గ్రాములు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2010 నాటి సిఫారసుల్లోనే చెప్పింది. 2024 మేలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాల నమూనా పళ్ళెంలో, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి కూడా 27 గ్రాములే ఉన్నాయి.

నూనె రకం గురించి గాక పరిమాణం గురించి నేను ఎందుకు పట్టుబట్టానో చెప్పాలంటే, ఈ వ్యాధికీ ఒంటి కొవ్వుకూ ఉన్న సంబంధం కొంచెం వివరంగా చెప్పాలి.

కొవ్వు ఊరికే కూర్చోదు

కొవ్వు కణజాలాన్ని గాదెలో ధాన్యంలాగా కదలకుండా పడి ఉండే నిల్వ అనుకోవడం చాలామందికి అలవాటు. నిజానికి అది హార్మోన్లు తయారుచేసే అవయవం. నెలసరి ఆగేదాకా స్త్రీ శరీరంలో ఈస్ట్రోజెన్ ప్రధానంగా అండాశయాల నుంచి వస్తుంది. ఆగిపోయిన తర్వాత ఆ పని చాలావరకు కొవ్వు కణజాలానిదే. అక్కడ ఆరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే ఆండ్రోజెన్ హార్మోన్లను అది ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎక్కువైన కొద్దీ ఈ మార్పిడీ ఎక్కువవుతుంది. రొమ్ము క్యాన్సర్లలో చాలావాటిని పెంచి పోషించేది ఈ ఈస్ట్రోజెనే.

కథ అంతటితో ఆగితే బాగుండేది. బరువు పెరిగేటప్పుడు కొవ్వు కణాలు ఉబ్బుతాయి, ఉబ్బిన వాటిలో కొన్ని చనిపోతాయి, చనిపోయిన కణాన్ని శుభ్రం చేయడానికి మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు వచ్చి దాని చుట్టూ వలయంగా చేరతాయి. సూక్ష్మదర్శినిలో అది కిరీటంలాగా కనిపిస్తుంది కనుక దానికి ఆ పేరే పెట్టారు. బరువెక్కిన స్త్రీల రొమ్ము కణజాలంలోనే ఈ కిరీటాలు ఉన్నాయని న్యూయార్క్ శాస్త్రవేత్తలు 2011లో చూపించారు. ఆ మాక్రోఫేజ్‌ల నుంచి టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6, ప్రోస్టాగ్లాండిన్ ఈ2 వంటి పదార్థాలు వెలువడి, పక్కనున్న కణాలలో ఆరోమటేజ్‌ను మరింత పెంచుతాయి. దెబ్బ తగిలినప్పుడు వచ్చే వాపు నాలుగు రోజులకు తగ్గిపోతుంది, కంటికి కనిపిస్తుంది. ఇది నొప్పి లేకుండా, జ్వరం లేకుండా ఏళ్ళ తరబడి లోలోపల రగులుతూ ఉండే ఇన్‌ఫ్లమేషన్. దీనికి తోడు ఇన్సులిన్, లెప్టిన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, మేలు చేసే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ఈస్ట్రోజెన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ తగ్గి స్వేచ్ఛగా తిరిగే ఈస్ట్రోజెన్ ఎక్కువవుతుంది.

పెద్దమ్మ వేసుకుంటున్న లెట్రజోల్ చేసే పని సరిగ్గా ఆ ఆరోమటేజ్‌ను అడ్డుకోవడమే. మాత్ర ఏ ఎంజైమ్‌ను మూస్తున్నదో, ఒంట్లో పేరుకున్న కొవ్వు దాన్నే తెరుస్తున్నదని చెప్పినప్పుడు ఆమెకు విషయం వెంటనే అర్థమైంది. అంతకు ముందు నేను చెప్పిన గంట ఉపన్యాసం కన్నా ఆ ఒక్క మాట బాగా పనిచేసిందని ఒప్పుకోవాలి.

అధిక బరువుకూ క్యాన్సర్లకూ సంబంధం ఉన్నట్టు తగిన ఆధారం దొరికిన 13 రకాల జాబితాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. నెలసరి ఆగిన తర్వాత వచ్చే రొమ్ము క్యాన్సర్ అందులో ఉంది. నెలసరి ఆగక ముందు వచ్చే రొమ్ము క్యాన్సర్ విషయంలో ఈ సూత్రం ఇంత సూటిగా వర్తించదు కాబట్టి, ముప్పై ఏళ్ళ అమ్మాయి జబ్బుకు ఆమె బరువును నిందించడం అన్యాయం.

తిన్న కొవ్వా, పేరుకున్న కొవ్వా

ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లనే చుట్టాల సలహాలన్నీ నూనె పేర్ల దగ్గర ఆగిపోయాయి. ఎక్కువ కొవ్వు పెట్టిన ఎలుకలలో రొమ్ము కణితులు ఎక్కువవుతాయని 1942లో టానెన్‌బామ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. కొవ్వు ఎక్కువ తినే దేశాలలో రొమ్ము క్యాన్సర్ మరణాలూ ఎక్కువని 1975లో కెన్నెత్ కారొల్ లెక్కలు వేశాడు. తీరా 1987లో అమెరికాలో 89,538 మంది నర్సులను పరిశీలించిన అధ్యయనంలో తిన్న కొవ్వుకూ ఈ వ్యాధికీ సంబంధం కనిపించలేదు. ఆ తర్వాత 48,835 మంది నెలసరి ఆగిన స్త్రీలతో పెద్ద ప్రయోగమే చేశారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం, సగటున ఎనిమిదేళ్ళ పరిశీలన తర్వాత తక్కువ కొవ్వు తిన్నవారిలో వ్యాధి 9 శాతం తక్కువగా కనిపించింది కానీ అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి చాలలేదు. దాదాపు 20 ఏళ్ళ పరిశీలన పూర్తయ్యాక మాత్రం రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన వారు ఆ వర్గంలో 21 శాతం తక్కువగా ఉన్నారు.

నాకు వీటికన్నా ముఖ్యమనిపించేవి చికిత్స పూర్తయిన స్త్రీలపై జరిగిన రెండు ప్రయోగాలు. 2006లో ఫలితాలు వచ్చిన మొదటి దానిలో 2,437 మంది ఉన్నారు. కొవ్వు తగ్గించిన వర్గంలో వ్యాధి తిరగబెట్టడం 24 శాతం తగ్గింది. 2007 నాటి రెండవ దానిలో 3,088 మంది ఉన్నారు; కూరగాయలు, పండ్లు, పీచు బాగా పెంచి కొవ్వు తగ్గించమన్నా తేడా ఏమీ రాలేదు. మొదటి ప్రయోగంలో స్త్రీలు రెండున్నర కిలోలకు పైగా బరువు తగ్గారు, రెండవ దానిలో తగ్గలేదు. రెండింటి మధ్యా వేరే తేడాలు కూడా ఉన్నా, పళ్ళెంలో కొవ్వు తగ్గించడం నడుము తగ్గడానికి దారి తీసినప్పుడే దానికి బలం వస్తుందని నేను దీన్నిబట్టి అర్థం చేసుకుంటాను. 439 మంది బరువెక్కిన స్త్రీలతో సియాటిల్‌లో ఏడాది పాటు జరిగి, 2012లో వెలువడిన మరో ప్రయోగంలో, ఆహారం తగ్గించుకుని బరువు తగ్గిన వారి రక్తంలో లోపలి వాపుకు కొలమానమైన సీఆర్‌పీ మూడో వంతుకు పైగా పడిపోయింది. ఆహారం మార్చకుండా వ్యాయామం మాత్రమే చేసిన వారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

మొదట నడుము కొలవాలి

బరువు చూసే యంత్రం లేకపోయినా ఒక దారం ఉంటే చాలు. పాదాల నుంచి నడినెత్తి దాకా మీ ఎత్తుకు సమానంగా దారం తెంపి, దాన్ని సగానికి మడిచి, ఆ సగం మీ నడుమును చుట్టి వస్తుందో లేదో చూసుకోండి. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి మించకూడదన్నది లెక్క. టేపు ఉన్నవారు పక్కటెముకల చివరి ఎముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలిన తర్వాత, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. లంగా బొందు కట్టే చోట కొలిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే చాలామంది బొందును పొట్ట కిందికి దించి కడతారు. పెద్దమ్మ అలాగే కొలుచుకుని 86 అన్నది, సరైన చోట కొలిస్తే 94 వచ్చింది.

ఎత్తునూ బరువునూ కలిపి చూసే బీఎంఐ కూడా లెక్కకట్టుకోవచ్చు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఆమె ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు కనుక దాదాపు 27 వచ్చింది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. అయితే బీఎంఐ మామూలుగా ఉన్నా ఒంట్లో కొవ్వు ఎక్కువగా ఉన్న స్త్రీలకు, నెలసరి ఆగాక, ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువని అమెరికాలో చేసిన పరిశీలనలో తేలింది. చేతులు, కాళ్ళు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చే శరీరం మన వైపు మామూలే గనుక, నాకు బీఎంఐ కన్నా దారం మీదనే నమ్మకం ఎక్కువ. నెలకొకసారి, ఒకే రోజున, ఉదయం కాఫీకి ముందు కొలిచి క్యాలెండర్ మీద రాసుకుంటే సరిపోతుంది.

తర్వాత డబ్బా మీద గీత

ఇంట్లో ఎంతమంది పెద్దలున్నారో లెక్కపెట్టండి. మనిషికి రోజుకు 20 గ్రాములు వేసుకుంటే, నలుగురికి నెలకు 2,400 గ్రాములు, అంటే రెండున్నర లీటర్ల పాకెట్లకు కొంచెం పైన. శారీరక శ్రమ చేసేవారికి మరో ఐదు గ్రాములు కలపవచ్చు. నెయ్యి, వెన్న, కొబ్బరినూనె కూడా ఈ లెక్కలోవే; నెయ్యి వేరు ఖాతా కాదు.

నెల మొదటి తారీఖున, ఆ నెలకు సరిపడే నూనె మొత్తం ఒకే డబ్బాలో పోసి, డబ్బా బయట మార్కరుతో నాలుగు గీతలు గీసి వారాలుగా పంచండి. మొదటి వారంలోనే రెండవ గీత దాకా దిగిందంటే ఎక్కడ పోతున్నదో వెతకాలి. పెద్దమ్మ ఇంట్లో దొంగ దొరికింది పోపు గరిటె దగ్గర. ఆమె పోపుకు వాడే ఇనుప గరిటెను నీళ్ళతో నింపి, మందు సీసాతో వచ్చే కొలత మూతతో కొలిస్తే 35 మిల్లీలీటర్లు వచ్చింది. పప్పుకు ఒక గరిటె, వేపుడుకు రెండు, పచ్చడికి ఒకటి చొప్పున మూడూ వండిన రోజున 140 మిల్లీలీటర్లు. ఆ రోజే గరిటె తీసి అటకమీద పెట్టించి, ఐదు మిల్లీలీటర్లు పట్టే చిన్న చెంచాను డబ్బాలో వేయించాను. చెంచాకు నాలుగున్నర గ్రాములు. పప్పు పోపుకు రెండు చెంచాలు చాలు. ఆవాలు చిటపటలాడటానికి నూనెలో మునగనక్కరలేదు, గరిటెను వంచి పట్టుకుంటే ఒక మూలకు చేరిన రెండు చెంచాల నూనెలోనే ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి చక్కగా వేగుతాయి.

వంకాయ, బెండకాయ, దొండకాయ వేపుళ్ళు ఎక్కువ నూనె తాగే కూరలు. ముక్కలను ముందుగా ఆవిరి మీద సగం ఉడికించి, తడి ఆరాక మందపాటి మూకుడులో మూడు చెంచాల నూనెతో వేయించి, చివర కారంపొడి చల్లితే రుచి పెద్దగా పోదు. పెద్దగా అని ఎందుకంటున్నానంటే కొంచెం పోతుంది, అది ఒప్పుకోవడమే మంచిది. దోశకు, పెసరట్టుకు సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో అద్ది పెనానికి రాసే పాత పద్ధతే అన్నిటికన్నా మేలు. గోంగూరను వేయించకుండా మగ్గబెట్టి రుబ్బి, పైన ఒక్క చెంచా పోపు పెట్టవచ్చు.

సాయంత్రం బండి మీద మిరపకాయ బజ్జీలు, పునుగులు తినడం మన ఊళ్ళలో ఎవరూ మానరు, మానమని చెప్పి నేను నవ్వులపాలు కాను. వారానికి ఒకసారికి పరిమితం చేసి, నూనె నల్లగా, చిక్కగా, నురగ కడుతూ ఉన్న బండిని వదిలేయండి. పదేపదే కాగిన నూనెలో, అది చెడిపోయే కొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం మించితే వాడకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన 2018 జూలై నుంచి ఉంది. ఇంట్లో గారెలు వండాక మిగిలిన నూనెను వడగట్టి ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడేయాలి తప్ప మళ్ళీ మూకుట్లో పోసి వేపుళ్ళకు వాడకూడదు. వనస్పతి, దానితో చేసే పఫ్‌ల విషయంలో 2022 జనవరి నుంచి ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదన్న చట్టం వచ్చినా, అవి ఇంట్లోకి రాకపోతే వచ్చే నష్టమేమీ లేదు.

ఇక, ఏ నూనె

పరిమాణం అదుపులోకి వచ్చిన తర్వాతే ఈ ప్రశ్నకు అర్థం ఉంటుంది. వేరుశనగ నూనెలో దాదాపు సగం ఒలీయిక్ ఆమ్లం, మూడో వంతుకు దగ్గరగా లినోలీయిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. నువ్వుల నూనెలోనూ, తవుడు నూనెలోనూ ఈ రెండూ ఇంచుమించు సమంగా ఉంటాయి. పొద్దుతిరుగుడు నూనెలో లినోలీయిక్ ఆమ్లమే ఎక్కువ. వీటిలో రెండింటిని మార్చి మార్చి వాడుకోవచ్చు. పొద్దుతిరుగుడు వంటి గింజల నూనెలు ఒంట్లో వాపు పెంచుతాయని ఫోన్లలో తిరిగే ప్రచారానికి మనుషులపై జరిగిన ప్రయోగాలు మద్దతివ్వలేదు. కొబ్బరినూనెలో 90 శాతం దాకా, నెయ్యిలో 60 శాతానికి పైగా సంతృప్త కొవ్వే కాబట్టి వేడి అన్నంలో ఒక చెంచా నెయ్యితో ఆగాలి. గానుగ నూనెకు వాసన, రుచి ఉన్నాయి, కానీ కేలరీలు రిఫైన్డ్ నూనెకు ఉన్నన్నే. గానుగది కదా అని రెండింతలు పోసుకునే ఇళ్ళను నేను చాలానే చూశాను.

ఒమేగా-3 కొవ్వులు వాపును చల్లార్చే పదార్థాల తయారీకి పనికివస్తాయి. అవి మన నూనెలలో తక్కువ. చేపలు తినేవారు మచిలీపట్నం, నిజాంపట్నం వైపు నుంచి వచ్చే కవళ్ళు, కానాగంతలు వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోవచ్చు. ఖరీదైన వంజరం కన్నా ఇవే మేలు. తినని వారు అవిసె గింజలు దోరగా వేయించి, కారంపొడిలో కలిపి కొట్టుకుంటే రోజుకొక చెంచా ఇడ్లీలోకి సరిపోతుంది.

నూనె తగ్గించి ఆ లోటును అన్నంతో పూడ్చుకుంటే చేసిన పనంతా వృథా. పెద్దమ్మకు మొదటి నెల జరిగింది అదే: నూనె సగానికి తగ్గినా నడుము అంగుళం కూడా కదలలేదు, ఎందుకంటే వేపుడు రుచి తగ్గిందని పెరుగన్నం రెండు గరిటెలు పెరిగింది. ధాన్యం నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 45 శాతానికి మించకూడదని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. అన్నం కొలత గిన్నెతో పెట్టుకుని, పప్పు, కూర ముందు వడ్డించుకుని, ఆ తర్వాత అన్నం కలుపుకోవడం ఆమెకు పనిచేసింది. నడక వారానికి 150 నిమిషాలకు తగ్గకూడదు. ఎండ ముదరకముందే, ఆరున్నరలోపు ముగించుకోవాలి.

డాక్టరును అడగకుండా చేయకూడనివి

కీమోథెరపీ జరుగుతున్నప్పుడు బరువు తగ్గే ప్రయత్నం సొంతంగా మొదలుపెట్టవద్దు. అప్పుడు నోరు అరుచిగా ఉండి తిండే తగ్గిపోతుంది, కండ కరుగుతుంది. లెట్రజోల్, టామోక్సిఫెన్ వంటి మాత్రలను ఆహారం బాగుందని ఆపకూడదు. చేపనూనె, పసుపు, విటమిన్ల గుళికలు కొనే ముందు మీ క్యాన్సర్ వైద్యులకు చూపించాలి. లక్ష్యం కూడా మరీ పెద్దది పెట్టుకోనక్కరలేదు: 62 కిలోల మనిషికి ఐదు శాతం అంటే మూడు కిలోల చిల్లర, ఆరు నెలల్లో తగ్గితే చాలు.

వంటింట్లో ఎంత శ్రద్ధ చూపినా పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు. 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడింది, 98,000 మందికి పైగా చనిపోయారు. సన్నగా ఉండి, నూనె తక్కువ తినే వారికీ ఇది వస్తుంది. రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టు కనిపించినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష జాతీయ కార్యక్రమంలో భాగం. మీ వీధి ఆశా కార్యకర్తను అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది.

ఆరు నెలల తర్వాత పెద్దమ్మ నడుము 89కి వచ్చింది, నూనె నెలకు రెండు పాకెట్లలోపు ఆగింది. మేలో ఆవకాయ పెట్టే రోజున ఫోన్ చేసి, జాడీలో పోసే నువ్వుల నూనె కూడా డబ్బా లెక్కలోకి వస్తుందా అని అడిగింది. వస్తుందన్నాను. పోయబోయేది రెండు కిలోలట. ఇద్దరు మనుషులు ఏడాది పొడుగునా తింటే మనిషికి రోజుకు మూడు గ్రాముల లోపే; అంటే ముక్కాలు చెంచాకు లోబడే. మామిడికాయలు అప్పటికే కొట్టించి, ముక్కలు తుడిచి, ఆవపిండి కొట్టి సిద్ధంగా పెట్టుకున్నదట, "అయితే పోసేస్తున్నానమ్మాయ్" అని ఫోన్ పెట్టేసింది.